బ్యాటరీకి వేసిన వలముడి

మా దీవుల్లో పూర్తిగా కొత్త వస్తువంటూ ఏదీ దొరకని కాలం ఒకటి ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఏ వస్తువైనా చెన్నైలోనో విశాఖపట్నంలోనో ఓడ ఎక్కాలి, సముద్రం దాటాలి, వార్ఫు మీద ఎండకీ వానకీ కొన్నాళ్లు పడి ఉండాలి, ఆ తర్వాతే దుకాణం చేరాలి. ఉల్లిపాయలు మొలకలతో దిగేవి. క్యాలెండర్లు ఫిబ్రవరిలో వచ్చేవి. కారు బ్యాటరీల సంగతీ అంతే, కాకపోతే వాటికి మొలకలు రావు కాబట్టి ఎంత పాతబడ్డాయో పైకి తెలిసేది కాదు. నేను రాయబోయేది అలాంటి ఒక బ్యాటరీ గురించి. మా నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన గురించి ఏదైనా రాయమని నా భార్య అంటూనే ఉంది. పెద్ద విషయాలు రాద్దామని కూర్చుంటాను. బ్యాటరీయే గుర్తొస్తుంది.

నాన్నది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. పెళ్లయిన కొత్తలో అమ్మతో ఓడెక్కి వచ్చి, టౌన్ వైపు రేవైన చాతంకి ఎదురుగా, నీళ్లకి ఆవలి వైపున్న బాంబూఫ్లాట్‌లో స్థిరపడ్డాడు. నేను పుట్టి పెరిగింది అక్కడే. నాన్న డింగీ మీద వేటకి వెళ్లేవాడు (ఇంజను బిగించిన చిన్న పడవని ఇక్కడ డింగీ అంటారు). అమ్మ వలలు బాగుచేసేది. నడుం పట్టేసి వేట మానుకోవలసి వచ్చినప్పుడు నాన్న డింగీ అమ్మి ఒక పాత కారు కొన్నాడు. అది ఒకప్పుడు తెల్లగా ఉండేదట. తుప్పు పట్టిన చోటల్లా డింగీకి వేయగా మిగిలిన నీలం రంగు పూస్తూ పోయాడు, చివరికి నీలమే ఎక్కువైంది. పొద్దున్నే చేపల బుట్టల్నీ, వాటిని అమ్మే ఆడవాళ్లనీ ఎక్కించుకుని ఫెరార్‌గంజ్ బజారుకి తీసుకెళ్లేవాడు. దిగాక కూడా ఆ వాసన సాయంత్రం దాకా కార్లోనే ఉండేది.

నాకు అప్పుడే టౌన్లో ఒక లైబ్రరీలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. లైబ్రరీలో పని తక్కువ, పుస్తకాలు ఎక్కువ. దొరికిందల్లా చదివి, సాయంత్రం ఇంటికొచ్చి దాని గురించి అందరికీ చెప్పేవాణ్ణి. (అడిగినవాళ్లు ఎవరూ లేరు.) ఆ ఏడాదే అమ్మకి జబ్బు చేసింది. ఇక్కడి ఆసుపత్రిలో చూసి, ఆలస్యం చెయ్యకుండా విశాఖపట్నం తీసుకెళ్లమన్నారు. విశాఖ ఓడ నెలకొకసారి వస్తే వచ్చినట్టు. విమానం మాట మా ఇంట్లో అప్పటికి ఎవరూ ఎత్తలేదు. ఎలాగో వచ్చే నెల ఓడకి రెండు టికెట్లు దొరికాయి, ఒకటి అమ్మకి, ఒకటి తోడు వెళ్లేవాళ్లకి. నాన్నకి చదువు రాదు. ఆసుపత్రి కాగితాలు చూసుకోవాలి కాబట్టి నేను వెళ్లాలని తేలింది. ఈ ఓడ తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే కారు బ్యాటరీ చచ్చిపోయింది.

ఎవరి కారో అడిగి తీసుకెళ్లవచ్చు కదా అనుకుంటారు. నాన్న ఒప్పుకోలేదు. ఎవరి కార్లో బ్యాటరీ ఎంత పాతదో ఎవరికి తెలుసు, ఆయన భయం అదే. చుట్టూ తిరిగే రోడ్డు ఉంది గాని ఆ గతుకులకి అమ్మ తట్టుకోలేదు. బాంబూఫ్లాట్ నుంచి చాతంకి కార్లని వెహికిల్ ఫెర్రీలో దాటిస్తారు. ఎక్కాక ఇంజను ఆపెయ్యాలి. అవతల ఆగాక, ముందు పలక దించగానే మళ్లీ స్టార్ట్ చేసి బయటికి తోలాలి. ఆటుకి నీళ్లు తీసి ఉన్నప్పుడు ఆ పలక ఏటవాలుగా పైకి లేచి ఉంటుంది. స్టార్ట్ కాని కారుని ఆ ఎత్తు మీదికి తొయ్యడం ఎవరి తరమూ కాదు. అంతకుముందు ఒకసారి పాత బ్యాటరీ చాతంలో మొరాయించింది. వెనకున్న బళ్లని పక్కనుంచి ఎలాగో పంపించి, మా కారుని ఫెర్రీలోనే ఉంచేశారు. అది నాన్నతో సహా బాంబూఫ్లాట్‌కి వెనక్కి వచ్చింది, మళ్లీ చాతం వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఒడ్డున కూర్చున్నవాళ్లు, "ఏటి మామా, ఫెర్రీలో నౌకరీ ఇచ్చీసినారా నీకు?" అని అడిగారు. అమ్మతో కూడా అలా జరిగితే ఓడ వెళ్లిపోతుంది. నాన్న ఆ మాట పైకి అనలేదు. "బేటరీ మంచిది కొనాల" అని మాత్రం అన్నాడు.

బ్యాటరీల దుకాణం టౌన్లో ఉంది. యజమాని చొక్కాలన్నిటికీ యాసిడ్ పడి చిల్లులుండేవి, అందుకని అందరూ అతన్ని యాసిడ్ భయ్యా అనేవారు. నేను సిద్ధపడి వెళ్లాను. లైబ్రరీలో కార్ల మరమ్మతు పుస్తకం ఒకటి రెండుసార్లు చదివాను. మన కారుకి ఏ సైజు పడుతుందో చూడాలి, ఆంపియర్లు చూడాలి, తయారైన నెల చూడాలి, నీళ్లు పొయ్యనక్కర్లేని రకమైతే మంచిది అని దారిపొడుగునా నాన్నకి చెప్పాను.

"నీల్లు పొయ్యక్కర్లేదంటే మూతుండదు గదా. మూత లేకపోతే లోపలేటుందో నాకెలగ తెలుస్తాదిరా?" అన్నాడు నాన్న.

దుకాణంలో ఆయన బ్యాటరీలని చూసిన తీరు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ముప్ఫై ఏళ్లు చేపలు పట్టి అమ్మిన మనిషి. వరసలో ముందున్నవాటిని వదిలేసి వెనకున్నవాటి దగ్గరికి వెళ్లాడు. ఒక్కొక్కదాన్నీ ఎత్తి బరువు చూశాడు. పక్కల మీద వేలితో నొక్కాడు. "ఏ ఓడకొచ్చింది ఇది?" అని అడిగాడు.

"అరే భయ్యా, పిఛ్‌లే మహీనే కా మాల్ హై" అన్నాడు యాసిడ్ భయ్యా.

"పోయిన నెలంటే ఏ జహాజ్ భయ్యా? మద్రాసుదా, వైజాగుదా?"

యాసిడ్ భయ్యా జవాబు చెప్పేలోపే నాన్న వంగి, మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"భయ్యా, యే మఛ్లీ నహీ హై" అన్నాడు యాసిడ్ భయ్యా.

"సేప కాదని నాకు తెల్దేటి?" అని నాన్న ఇంకోసారి వాసన చూశాడు.

నేను సిగ్గుతో పక్కకి తిరిగి, నా పుస్తక జ్ఞానం చూపించడానికి ఒక బ్యాటరీ మీద అచ్చువేసిన అంకెలు చదివి, ఇది తయారై రెండు నెలలే అయిందని ప్రకటించాను. యాసిడ్ భయ్యా నాకేసి ఒకసారి చూసి ఊరుకున్నాడు. (నేను చదివింది తేదీ కాదనీ, కంపెనీ లైసెన్సు నంబరనీ చాలా రోజుల తర్వాత తెలిసింది.) నాన్న అది కొనలేదు. మూలనున్న పెద్దదాన్ని ఎత్తుకున్నాడు. అది ట్రాక్టర్‌ది. మన కారులో పట్టదని నేనూ చెప్పాను, యాసిడ్ భయ్యా కూడా చెప్పాడు. అమ్మకం వదులుకుని మరీ చెప్పాడు పాపం.

"మీయమ్మెక్కే కారుకి సిన్నదెట్టమంటావేట్రా?" అన్నాడు నాన్న. నేను రెండో వైపు పట్టుకున్నాను.

పట్టలేదు. బ్యాటరీ పెట్టే గూడు చిన్నది. నాన్న దాన్ని అడ్డంగా పెట్టి నైలాను తాడుతో కట్టాడు. బోనెట్ మూసుకోలేదు. రేకు తగిలి నిప్పులు రాలకుండా బ్యాటరీ మీద పాత టైరు ట్యూబు ముక్క పరిచి, బోనెట్‌ని కూడా తాడుతోనే కట్టాడు. అప్పటినుంచి మా కారు నోరు కొంచెం తెరుచుకునే తిరిగేది. ఎదురొచ్చిన లారీలవాళ్లు చేతులు ఊపి, "బోనెట్ ఖులా హై!" అని అరిచేవారు. నాన్న కూడా చెయ్యి ఊపేవాడు.

అంతటితో అయిపోలేదు. వేటవాళ్లు ఒడ్డుకి వచ్చాక పడవలో బ్యాటరీ వదిలి రారు. ఉప్పుగాలికి పాడవుతుందని, ఎవరైనా పట్టుకుపోతారని, విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. నాన్న కారుకి కూడా అదే పద్ధతి పెట్టాడు. రోజూ స్పానరుతో పనేమిటని, వైర్ల క్లాంపులకి మామూలు నట్లు తీసేసి, పడవల్లో వాడే చెవుల నట్లు బిగించాడు. వాటికి రెండు వైపులా చెవుల్లా రేకులుంటాయి, చేత్తోనే తిప్పవచ్చు. సాయంత్రం కారు ఆపగానే నట్లు విప్పి, భుజం మీద తువ్వాలు వేసుకుని, దాని మీద బ్యాటరీ పెట్టుకుని, వీధంతా చూస్తుండగా ఇంట్లోకి తెచ్చేవాడు. నాకు తల ఎత్తుకోబుద్ధయ్యేది కాదు. దాన్ని అమ్మ మంచం కింద పెట్టేవాడు.

"దినామూ దీన్ని ఎత్తుకొత్తన్నావు" అంది అమ్మ ఒకరోజు మంచం మీద పడుకునే. "నన్నెప్పుడైనా ఎత్తుకున్నావేటి?"

"నీకు కాల్లున్నాయి గదే" అన్నాడు నాన్న.

ఇక డిస్టిల్డ్ వాటర్ గోల. ఆ వేసవిలో మా వీధికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు కూడా రాలేదు. అందరం గిన్నెలు కొలుచుకుని తాగుతున్నాం. నాన్న మాత్రం టౌన్ నుంచి బ్యాటరీ నీళ్ల సీసా తెచ్చి దేవుడి పటం పక్కన పెట్టాడు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వారానికోసారి మూతలు తీసి, చుక్కలు లెక్కపెట్టినట్టు పోసేవాడు. "పెల్లానికి బిందెడు నీల్లు లేవు గాని దానికి సీసాలో తెత్తాడు" అని అమ్మ మా పక్కింటి దీదీకి చెప్పేది. దీదీ బెంగాలీ. భాష రాకపోయినా విషయం అర్థమై నవ్వేది. నవ్వేటప్పుడు అమ్మ డొక్క పట్టుకునేది, నొప్పికి. ఎంత నవ్వొచ్చినా ఆ చెయ్యి అక్కడికి పోతూ ఉండడం నేను చూశాను. నాన్న కూడా చూసేవాడు. చూసి, సీసా తీసుకుని బ్యాటరీ దగ్గరికి వెళ్లేవాడు.

ఓడ రోజు వచ్చింది. పొద్దున్నే నాన్న బ్యాటరీ బిగించి తాళం తిప్పగానే కారు మొదటిసారికే స్టార్ట్ అయింది. ఆయన నాకేసి చూసిన చూపులో ట్రాక్టర్ బ్యాటరీ గర్వమంతా ఉంది. అమ్మని వెనకసీట్లో పడుకోబెట్టాం. ఆసుపత్రిలో చేతులూరుకోవని ఆమె ఒక సంచిలో వలదారం కండె, వల అల్లే పుల్ల పెట్టుకుంది. కారు ఫెర్రీ ఎక్కింది. మా ముందు రెండు బళ్లు, వెనక ఒక కూరగాయల లారీ, దాని వెనక ఇంకేవో. ఫెర్రీ కదిలింది.

అప్పుడు నాన్న కిందికి దిగి బోనెట్ తాడు విప్పాడు. ఏం చేస్తున్నావని అడిగాను. పడవ మీద ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీకి వైరు తగిలించి ఉంచకూడదట, లోపలి కరెంటు ఊరికే కారిపోతుందట. ఇది పడవ కాదు నాన్నా, కారు అన్నాను. "కారు దేనిమీదుంది?" అన్నాడు. ఆ ప్రశ్న దగ్గర నేను ఆలోచనలో పడ్డాను, ఆయన మైనస్ వైపు చెవుల నట్టు విప్పేసి, చేతులు ఖాళీగా ఉండాలని పళ్ల మధ్య పెట్టుకున్నాడు. వేటవాళ్లు చేసే పనే అది. చిన్న వస్తువేదైనా సరే నోట్లో పెట్టుకుంటారు.

ఫెర్రీలో తాళ్లు చూసుకునే లష్కర్ ఒకతను దూరం నుంచి, "ఏ చాచా! బోనెట్ బంద్ కరో! యే గరాజ్ హై క్యా?" అని అరిచాడు.

నాన్న దానికి తగిన జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.

నట్టు డెక్కు మీద పడింది. ఒకసారి ఎగిరింది. నేను కాలితో ఆపబోయాను, అది ఇంకా వేగంగా దొర్లింది. నీళ్లు పోవడానికి అంచున ఉన్న సందులోంచి జారిపోయింది. పడిన చప్పుడు కూడా వినిపించలేదు. నాన్న చెప్పాలనుకున్న జవాబు నోట్లోనే ఉండిపోయింది.

ఎదురుగా చాతం కలప మిల్లు పైకప్పు రేకులు దగ్గరవుతున్నాయి. క్లాంపుని ఊరికే మీద పెట్టి తాళం తిప్పి చూశాం. టిక్కుమంది, అంతే. చేత్తో అదిమి పట్టుకుంటే నిప్పురవ్వ వచ్చింది. లారీ డ్రైవరుని నట్టు అడిగాను. అతని దగ్గరున్నవేవీ ఆ బోల్టుకి పట్టలేదు. ఫెర్రీ ఆగింది, పలక దిగింది. నీళ్లు బాగా తీసి ఉన్నాయి. పలక ఇంటి పైకప్పులా ఏటవాలుగా ఉంది. ముందున్న బళ్లు వెళ్లిపోయాయి. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. నాన్న రెండు చేతులూ బ్యాటరీ మీద పెట్టి అలాగే నిలబడ్డాడు. వార్ఫులో ఓడ పొగగొట్టం అక్కడికి కనిపిస్తోంది.

వెనక తలుపు తెరుచుకుంది. అమ్మ దిగింది. కారుని పట్టుకుని, ఆగి ఆగి ముందుకి వచ్చింది.

"జరగండి ఇద్దరూనూ" అంది. "ఒకుడు సదివినోడు, ఒకుడు సముద్రం సూసినోడు. ఏటయింది మీకు?"

వలదారం మూడు పేటలు వేసింది. క్లాంపు చుట్టూ తిప్పింది, కింద నుంచి లాగింది, బిగించింది, మళ్లీ తిప్పింది. వలకి వేసే ముడి అది. లాగిన కొద్దీ బిగుస్తుంది తప్ప జారదు. చెయ్యి డొక్క మీదికి పోలేదు, రెండు చేతులూ పనిలోనే ఉన్నాయి. చివర దారాన్ని పంటితో కొరికింది. "ఇప్పుడు తిప్పు" అంది.

నాన్న తాళం తిప్పాడు. కారు స్టార్ట్ అయింది. లష్కర్, "షాబాష్ అమ్మా!" అని అరిచాడు. లారీవాడు హారన్ ఆపి చప్పట్లు కొట్టాడు. అమ్మ చేతులకి యాసిడ్ తెల్లటి పొడి అంటుకుంది. నాన్న ఇంజను అలాగే ఉంచి, దిగి, దారిలో అవసరమని సీటు కింద పెట్టుకొచ్చిన బ్యాటరీ నీళ్ల సీసా తీసి ఆమె చేతుల మీద పోశాడు. ఒక చుక్క కూడా మిగల్చకుండా పోశాడు.

"ఓలమ్మో, మొత్తం పోసేత్తన్నాడు" అంది అమ్మ, చేతులు తిప్పుతూ. "నీ బేటరీకో మరి?"

నాన్న ఖాళీ సీసాని సీటు కిందికి తోసి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

వార్ఫులో గేటు మూసే లోపే చేరాం. ఓడ మెట్లు అమ్మ ఎక్కలేకపోయింది. కాపలాదారుని బతిమాలి నాన్న ఆమెని ఎత్తుకుని పైదాకా తెచ్చాడు. బ్యాటరీ మోసే తువ్వాలు అప్పుడు కూడా భుజం మీదే ఉంది. అమ్మ దాన్ని చూసి కొంచెం నవ్వింది. దింపాక ఆయనతో, "ఆ ముడి ఇప్పకు. ఇప్పితే నీకు మల్లీ కట్టడం రాదు. నానొచ్చి ఇప్పుతాను" అంది.

ఆమె రాలేదు. విశాఖపట్నంలో మూడో వారం పోయింది. నాన్న వచ్చే దారి లేదు. వాళ్ల సొంత ఊరి ఒడ్డునే అన్నీ జరిపించి నేనొక్కణ్ణే ఓడలో తిరిగి వచ్చాను. నాన్న వార్ఫు బయట నిలబడి ఉన్నాడు. నా చేతిలో సంచి తీసుకున్నాడు. ఇంటికొచ్చాక కారు దిగి నేరుగా లోపలికి వెళ్లిపోయాడు. బ్యాటరీ తీసుకురాలేదు. దుఃఖంలో మర్చిపోయాడనుకున్నాను.

మర్నాడూ తీసుకురాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ తీసుకురాలేదు. వీధిలోవాళ్లు, "మామకి ఓపిక తగ్గిపోనాది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. నా చదువు అంతవరకే పనికొచ్చింది. ఆయన మాత్రం ఆ బ్యాటరీని ఉన్నచోటే ఉంచి సాకాడు. మూతలు తీసి నీళ్లు చూసేవాడు. తెల్లగా పేరుకున్న పొడిని వేడినీళ్లలో తినేసోడా కలిపి, పాత పళ్ల బ్రష్షుతో, ముడి తడవకుండా కడిగేవాడు. ముడికి కూడా గ్రీజు రాసేవాడు. బేరం ఉన్నా లేకపోయినా పొద్దున్నే కాసేపు ఇంజను ఆడించేవాడు. అంత చూసుకున్నా ఏ బ్యాటరీ అయినా ఎన్నాళ్లని ఉంటుంది? కొన్నేళ్లకి నీరసించింది. నా ఉద్యోగం ఖాయమైనప్పుడు సరైన సైజుది, నీళ్లు పొయ్యనక్కర్లేనిది, తేదీ ఈసారి సరిగ్గా చదివి మరీ కొని తెచ్చాను. నాన్న చాలా బావుందన్నాడు. వారం తర్వాత చూస్తే అది మా చిన్నాన్న డింగీలో దీపాలు వెలిగిస్తోంది.

ఆ తర్వాత ఆయన కారుని పల్లంలో ఆపడం మానేశాడు. ఎక్కడికి వెళ్లినా ఎత్తు వెతుక్కుని, ముక్కు కిందికి ఉండేలా ఆపేవాడు, దొర్లించి స్టార్ట్ చెయ్యడానికి. పెళ్లికి వెళితే పందిరి ఒక చోట, మా కారు కొండ మీద. ఫెర్రీ డెక్కు మీద ఎత్తు ఉండదు కాబట్టి ఫెర్రీ ఎక్కడమూ మానేశాడు. ఎదురుగా కనిపించే టౌన్‌కి ఫెరార్‌గంజ్ మీదుగా, సిప్పీఘాట్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఎందుకంటే, "ఫెర్రీకాడ లైను ఎక్కువ" అనేవాడు. బ్యాటరీ మార్చమని నేను చాలాసార్లు పోట్లాడాను. "దానికేటయిందిరా, ఉంది గదా" అనేవాడు. ముడి సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

నాన్న పోయాక కారు కొన్ని నెలలు టార్పాలిన్ కింద ఉండిపోయింది. మొన్న ఒక ఆదివారం దాన్ని వీధి వాలులో దొర్లించి స్టార్ట్ చేసి, ఆయన దారినే చుట్టూ తిరిగి టౌన్‌కి తీసుకెళ్లాను. యాసిడ్ భయ్యాకి జుట్టు తెల్లబడింది, చొక్కాకి చిల్లులు అలాగే ఉన్నాయి. బోనెట్ తాడు విప్పి చూసి, నల్లగా గ్రీజు పట్టిన ముడి మీద కత్తెర పెట్టబోయాడు.

"కాటో మత్" అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

అతను కత్తెర తీసేశాడు. ఆ వైరు రెండో చివర కారు బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. అక్కడ విప్పి, వైరూ ముడీ అలాగే ఉండగా బ్యాటరీని బయటికి తీశాం. కొత్త బ్యాటరీతో పాటు కొత్త వైరు కూడా కావాలన్నాను. పాతది ఇచ్చి వెళ్తారు కదా అన్నాడు, ఇవ్వనన్నాను. కొత్తవి చూపించాడు. నేను ముందు వరస వదిలేసి వెనక్కి వెళ్లాను. ఒకదాన్ని ఎత్తి చూశాను. ఏ జహాజ్‌కి వచ్చింది అని అడిగాను. ఆ తర్వాత ఏం చేశానో నాకు తెలియలేదు. యాసిడ్ భయ్యా నెమ్మదిగా, "భయ్యా, యే మఛ్లీ నహీ హై" అన్నాక తెలిసింది.

లైసెన్సు నంబరు చదివి తేదీ చెప్పిన కుర్రాడు ఆ దుకాణంలోనే ఎక్కడో సిగ్గుతో పక్కకి తిరిగి నిలబడినట్టనిపించి నవ్వొచ్చింది. తిరుగుదారిలో చాతంలో ఫెర్రీ ఎక్కాను. పాత బ్యాటరీని తువ్వాల్లో చుట్టి వెనకసీట్లో పెట్టాను. బోనెట్ ఇన్నేళ్లకి పూర్తిగా మూసుకుంది. అవతల పలక దిగింది. నీళ్లు తీసే ఉన్నాయి. తాళం తిప్పగానే కారు స్టార్ట్ అయింది. ఎవరూ దిగవలసిన అవసరం రాలేదు.